స్ప్రింగు తెగిందని గ్యారేజీ తలుపు మార్చకండి

పొద్దున్నే బటన్ నొక్కితే మోటారు మూలుగుతుంది. తలుపు జానెడు లేచి ఆగిపోతుంది. అంతకు ముందెప్పుడో గ్యారేజీలో టపాకాయ పేలినట్టు ఒక చప్పుడు వినపడి ఉంటుంది. తలుపుపైన కడ్డీకి తొడిగిన స్ప్రింగులో రెండంగుళాల ఖాళీ కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే, స్ప్రింగు తెగింది. కారు లోపల ఇరుక్కుంది, బయల్దేరే టైమైపోతోంది. సరిగ్గా ఈ కంగారులోనే "పాతబడిపోయిందండీ, మొత్తం తలుపే మార్చేద్దాం" అన్న మాట తేలిగ్గా చెవికెక్కుతుంది. ఎక్కించుకోకండి. స్ప్రింగు అరిగిపోవడానికే పెట్టిన వస్తువు. టైరు అరిగిందని ఎవరూ బండి అమ్ముకోరు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. బయటినుంచి తళతళలాడే తలుపు, లోపల మోటారు చెయ్యి తగిలించిన చోట బీట వేసి ఉంటుంది. తలుపు బరువు తూకం తప్పి ఉంటుంది. ఇంటివాళ్లు మోటారును తిట్టుకుంటూ ఇంకా పెద్ద మోటారు పెట్టిస్తారు. పెద్ద మోటారు ఆ బీటను మరింత చీలుస్తుంది. ఇక్కడ అనవసరంగా రిపేరు మీద రిపేరు చేయించి, చివరికి తలుపు ఖర్చు కంటే ఎక్కువ పోసినవాళ్లు కనిపిస్తారు.

అందుకని ఏ నిర్ణయానికైనా ముందు తలుపును మూడు వస్తువులుగా విడదీసి చూడాలి. ఒకటి ఒళ్లు, అంటే ప్యానెళ్లు, వాటి అంచులు, నిలువు పట్టీలు. రెండోది కదిలే సామాను, అంటే స్ప్రింగులు, కేబుళ్లు, రోలర్లు, బందులు, ట్రాకులు. మూడోది మోటారు. కదిలే సామాను చెడితే రిపేరే. ఒళ్లు చెడితే కొత్త తలుపు గురించి ఆలోచించాలి. మోటారు సంగతి విడిగా, ఈ రెండూ తేలాక చూసుకోవాలి.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా అడ్డంగా నాలుగైదు ప్యానెళ్లుండి, రెండు పక్కల ట్రాకుల్లో పైకి జరిగి కప్పు కింద పడుకునే తలుపు గురించి. ఒకే పలకగా లేచే తలుపులు, చుట్టుకునే షట్టర్ల సంగతి తర్వాత వస్తుంది.

చెయ్యి పెట్టకూడని చోట్లు

మోటారు తలుపును ఎత్తుతుందని చాలామంది అనుకుంటారు. ఎత్తేది స్ప్రింగు. ఒక కారు పట్టే పలుచని స్టీలు తలుపు సుమారు 40 కిలోలుంటుంది. రెండు కార్లు పట్టే ఇన్సులేషన్ తలుపు 80 నుంచి 110 కిలోల దాకా ఉంటుంది, గట్టి చెక్కదైతే ఇంకా ఎక్కువ. ఆ బరువు దాదాపు మొత్తం స్ప్రింగే మోస్తుంది. చేతికి, మోటారుకి మిగిలేది అయిదారు కిలోలు మాత్రమే. అంటే తలుపు మూసి ఉన్నప్పుడు ఆ బరువుకు సరిపడా బలమంతా స్ప్రింగులో బిగుసుకుని కూర్చుంటుంది.

ఆ బలానికి ముడిపడినవి నాలుగు: స్ప్రింగు చివర్లలోని దిమ్మలు, కడ్డీ కొసల్లో కేబులు చుట్టుకునే డ్రమ్ములు, కేబుళ్లు, తలుపు అడుగు మూలల్లో కేబులు తగిలించిన బ్రాకెట్లు. మొదటి మూడింటికీ ఎవరైనా భయపడతారు. తెలియక ప్రమాదం తెచ్చుకునేది నాలుగోదానితో. అడుగు రోలరు అరిగిందని, దాన్ని తీయడానికి ఆ బ్రాకెట్ స్క్రూలు విప్పుతారు. చివరి స్క్రూ వదులయ్యేసరికి కేబులు లాగే బలం మొత్తానికీ బ్రాకెట్ ఎగిరి చేతికో ముఖానికో తగులుతుంది. చాలా తయారీదారులు ఆ బ్రాకెట్లను ఎర్ర రంగుతోనో హెచ్చరిక చీటీతోనో గుర్తు పెడతారు. రంగు లేకపోయినా నియమం ఒకటే, స్ప్రింగు బిగువు దించనిదే దాన్ని ముట్టుకోకూడదు.

ఇంకో జాగ్రత్త. మోటారునుంచి తలుపును విడదీసే ఎర్ర తాడును తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే లాగాలి. స్ప్రింగు తెగిన తలుపు పైన ఉండగా తాడు లాగితే పడేది అయిదు కిలోలు కాదు, మొత్తం బరువు. స్ప్రింగు తెగాక కారు తప్పనిసరిగా బయటికి తీయాల్సి వస్తే బలమైనవాళ్లు ఇద్దరు కలిసి చేత్తో పైకెత్తాలి. అది పైన ఉండగానే మూడో మనిషి రెండు ట్రాకులకూ అడుగు రోలర్ల కింద గ్రిప్ ప్లయర్ గాని, సీ క్లాంపు గాని బిగించాలి. అలా బిగించేదాకా ఎవరూ దాని కిందినుంచి నడవకూడదు.

పావుగంట పరీక్ష

మెకానిక్ రాకముందే ఇది చేసుకుంటే అతను చెప్పేదాంట్లో ఎంత నిజముందో తెలుస్తుంది.

1. తలుపు మూసి, లోపల నిలబడి టార్చి వేసి చూడండి. స్ప్రింగులో ఖాళీ ఉందా? కేబుళ్లు అడుగునుంచి ఒక అడుగు ఎత్తు వరకు తుప్పు పట్టాయా, పోగులు లేచాయా? నేల తడి తగిలేది అక్కడే, కేబులు ముందు పాడయ్యేదీ అక్కడే. స్ప్రింగు తెగినా, కేబులు చిట్లినా మిగతా పరీక్ష ఆపేయండి.

2. ఎర్ర తాడు లాగి తలుపును చేత్తో ఎత్తండి. మొదటి అడుగులోనే బాగా బరువనిపిస్తే బలవంతం చేయకుండా దించేయండి, స్ప్రింగు నీరసించింది. తేలిగ్గా లేస్తే మోకాలెత్తులో, నడుమెత్తులో, భుజమెత్తులో ఆపి మెల్లగా చేతులు వదులు చేయండి, పూర్తిగా తీసేయకండి. తూకం కుదిరిన తలుపు నడుమెత్తులో ఎక్కడిదక్కడ నిలుస్తుంది. కొద్దిగా జారినా ఫర్వాలేదు. ధబ్బున దిగిపోతే స్ప్రింగు బలం చాలదు. దానంతటదే పైకి పోతే బలం ఎక్కువైంది.

3. చేత్తోనే చివరి దాకా తెరిచి మూస్తూ ఎక్కడ పట్టేస్తోందో గమనించండి. ప్రతిసారీ ఒకే ఎత్తులో పట్టేస్తే ఆ ఎత్తులో ట్రాకు వంగిందన్నమాట. ఒకే ప్యానెల్ వంపు తిరిగేటప్పుడు మాత్రమే పట్టేస్తే ఆ ప్యానెల్ అంచో, దాని బందో నలిగింది.

4. తలుపు మూసి కింది రబ్బరును చూడండి. ఒక మూలలో మాత్రమే వెలుతురు కనిపిస్తే రెండు కారణాలుంటాయి. నేల ఒరిగి ఉండాలి, లేదా ఒక కేబులు సాగో, జారో ఉండాలి. అడుగు ప్యానెల్ మీద రసమట్టం పెడితే తేలిపోతుంది. తలుపు మట్టంగా ఉంటే తప్పు నేలది.

5. మోటారు తగిలించి, తలుపు కింద నేలమీద ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కను పడుకోబెట్టి మూయండి. చెక్క తగలగానే తలుపు వెనక్కి మళ్లాలి. తర్వాత తలుపు దిగుతుండగా పక్కనున్న సెన్సర్ల మధ్య కర్ర అడ్డం పెట్టండి, అప్పుడూ మళ్లాలి. సెన్సర్లు నేలనుంచి ఆరంగుళాలు దాటకుండా ఉండాలి. మోకాలెత్తులో బిగించిన సెన్సరు కింద చిన్నపిల్ల పాకుతూ వెళ్లిపోగలదు.

స్ప్రింగు: ఏళ్లు కాదు, సైకిళ్లు

మామూలుగా వచ్చే స్ప్రింగును 10,000 సైకిళ్లకు తయారుచేస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిలు. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో అది ఏడేళ్లకు దగ్గరగా వస్తుంది. ఇంటిల్లిపాదీ గ్యారేజీనే వీధి గుమ్మంగా వాడుతూ రోజుకు ఎనిమిదిసార్లు తెరిస్తే మూడున్నరేళ్లే. అందుకే "ఏడేళ్లకే పోయింది, నాసిరకం తలుపు" అనడం సరికాదు. అది తన లెక్క ప్రకారమే పోయింది.

తెగినప్పుడు 25,000 సైకిళ్ల స్ప్రింగు అడగండి. తీగ మందంగా, స్ప్రింగు పొడవుగా ఉంటుంది. రోజుకు నాలుగుసార్ల వాడకానికి పదిహేడేళ్లు వస్తుంది. కూలి రెండింటికీ ఒకటే కాబట్టి సామాను తేడా మాత్రమే పడుతుంది. రెండు స్ప్రింగులున్న చోట ఒకటే తెగినా రెండూ మార్చాలి. రెండో దాని వయసూ అంతే. పైగా కొత్తదీ పాతదీ కలిపితే తూకం కుదరదు.

స్ప్రింగు కొలతలు తెలిసి ఉంటే తప్పుడు సామాను పడదు. తెగిన స్ప్రింగు మీద చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోట 20 చుట్ల పొడవు కొలిచి 20తో భాగిస్తే తీగ మందం వస్తుంది. 20 చుట్లు సరిగ్గా 5 అంగుళాలైతే తీగ 0.250 అంగుళం, నాలుగున్నర అంగుళాలైతే 0.225. దీనికి తోడు లోపలి వ్యాసం, బిగువు లేనప్పటి మొత్తం పొడవు, చుట్టు ఎటువైపు తిరిగిందో కావాలి. కంటికి తెలియని ఇంత చిన్న తేడాకే స్ప్రింగు బలం బాగా మారిపోతుంది. "దాదాపు ఇదే సైజు" అని తగిలించిన స్ప్రింగు కొన్నాళ్లకు మోటారును చంపడానికి కారణం ఇదే.

బిగించే పని మాత్రం తెలిసినవాళ్లకు వదిలేయండి. దిమ్మల రంధ్రాల్లో సరిగ్గా పట్టే గట్టి స్టీలు కడ్డీలు రెండు కావాలి. ఏడడుగుల తలుపుకు ఏడున్నర చుట్ల దాకా బిగించాలి. స్క్రూడ్రైవరుతో తిప్పబోతే అది జారి విసిరికొడుతుంది, ఎముకలు విరిగేది అక్కడే.

ట్రాకుల పక్కన పొడుగ్గా సాగే స్ప్రింగులున్న తలుపైతే ఒక్క విషయం ఇప్పుడే చూడండి. స్ప్రింగు మధ్యలోంచి ఒక భద్రతా కేబులు వెళ్లాలి. అది లేకుండా స్ప్రింగు తెగితే ముక్క గ్యారేజీ అంతా ఎగురుతుంది. తలుపు ఎంత బాగున్నా ఆ కేబులు వెంటనే వేయించాలి.

స్ప్రింగు బాగుండి కూడా తూకం తప్పే సందర్భం ఒకటుంది, చాలామందికి తట్టదు. ఎండ తగ్గుతుందని ప్యానెళ్ల లోపల ఇన్సులేషన్ అట్టలు అతికించుకుంటారు. చెక్క తలుపుకు రంగుమీద రంగు వేస్తారు. తలుపు బరువు కొన్ని కిలోలు పెరుగుతుంది, స్ప్రింగు మాత్రం పాత బరువుకే ఉంటుంది. ఇది తలుపు పాడవడం కాదు, స్ప్రింగు మార్చి తూకం సరిచేస్తే చాలు.

రోలర్లు, బందులు, ట్రాకులు

వీటికోసం తలుపు మార్చమని ఎవరైనా అంటే ఇంకో మెకానిక్‌ను పిలవండి.

నాలుగు ప్యానెళ్ల తలుపుకు రోలర్లు పది. చక్రం ఇరుసుమీద ఊగుతున్నా, అంచు చదునుగా అరిగినా మార్చాలి. బేరింగులున్న నైలాన్ రోలర్లు వేస్తే మోత చాలా వరకు తగ్గిపోతుంది. మోత గురించే విసిగి తలుపు మార్చాలనుకునేవాళ్లు ముందు పది రోలర్లు మార్చి చూడటం మంచిది. బేరింగు లేని నాసిరకం నైలాన్ మాత్రం ఇరుసు దగ్గర తొందరగా తినేస్తుంది.

బందుల మీద 1, 2, 3 అని అంకెలు పోతపోసి ఉంటాయి. అవి అలంకారానికి కాదు. తలుపు పైకి పోయేకొద్దీ ట్రాకు గోడనుంచి దూరం జరుగుతుంది, దానికి తగ్గట్టు పై బందులు రోలరును ఎక్కువ దూరంలో పట్టుకుంటాయి. 3 అంకె ఉన్న చోట 1 బిగిస్తే తలుపు పైభాగం చట్రానికి ఆనకుండా ఎడం మిగులుతుంది, లేదా రోలరు ట్రాకులో బిగుసుకుంటుంది. విరిగిన బందును అదే అంకెతో మార్చాలి. ఒకటే బందు పదేపదే విరుగుతుంటే దాని వెనకున్న ప్యానెల్ పట్టీని అనుమానించండి.

ట్రాకుకు చిన్న సొట్ట పడితే చెక్క అడ్డంపెట్టి సుత్తితో సరిచేయొచ్చు. మడతపడి పగులు కనిపిస్తే ఆ ముక్క మార్చడమే. ట్రాకులో గ్రీజు వేయకండి, దుమ్ము పట్టి ముద్దయి రోలరును ఆపేస్తుంది. గుడ్డతో తుడిస్తే చాలు. నూనె కావాల్సింది బందుల ఇరుసులకు, రోలరు బేరింగులకు, స్ప్రింగు చుట్ల మీద పలుచగా. తుప్పు వదిలించే స్ప్రేలు తుడిచేందుకు బాగుంటాయి గాని, ఆరిపోయాక జారుడు మిగలదు. తెల్ల లిథియం గ్రీజో, సిలికాన్ స్ప్రేయో వాడాలి.

తీర్పు చెప్పేది ప్యానెళ్లే

సొట్టలన్నీ ఒకటి కావు. బంతి తగిలి నున్నగా లోపలికి పోయిన సొట్ట కంటికి మాత్రమే ఇబ్బంది. రేకు గీతలా మడతపడితే వేరు. ఆ మడత ప్యానెల్ పై అంచునో కింది అంచునో తాకితే, పక్క ప్యానెల్‌తో కలిసే గాడి నలుగుతుంది. వంపు దగ్గర ప్రతిసారీ అక్కడ ఒరుసుకుంటుంది. అలాంటి ప్యానెల్‌ను సుత్తితో సరిచేసినా ఆ రేకు బలం తిరిగి రాదు.

తలుపు తెరిచి కప్పు కింద పడుకున్నాక ఒక కొసనుంచి ఇంకో కొసకు దారం పట్టి చూడండి. వెడల్పు తలుపులు మధ్యలో కిందికి వంగుతాయి. కొద్దిపాటి వంపును అడ్డంగా ఒక స్టీలు బారు బిగించి ఆపొచ్చు. బారు బరువుకు తగ్గట్టు స్ప్రింగు మళ్లీ సరిచూసుకోవాలి. బారు వేసినా అంగుళం మించి వంగుతుంటే, లేదా నిలువు పట్టీలు రేకునుంచి ఊడిపోతుంటే ఆ తలుపుతో ఇక పెట్టుకోకపోవడం మంచిది.

ఎక్కువసార్లు విరిగే చోటు పై ప్యానెల్ మధ్యన, మోటారు చెయ్యి తగిలించిన పట్టీ. పలుచని తలుపుకు బలపరిచే బ్రాకెట్, అడ్డ బారు లేకుండా మోటారు తగిలిస్తే మోటారు లాగిన ప్రతిసారీ ఆ రేకు ముందుకూ వెనక్కూ వంగుతుంది. బీట పట్టీ వరకే ఉంటే దానిమీద పెద్ద బ్రాకెట్, పైన బారు వేస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. బయటి రేకు కూడా చిరిగితే పై ప్యానెల్ మార్చాలి. తూకం సరిచేయకుండా ఈ రెండింట్లో ఏది చేసినా మళ్లీ అక్కడే విరుగుతుంది.

తుప్పు విషయంలో కంటిని నమ్మొద్దు, స్క్రూడ్రైవరు మొనతో పొడవండి. అడుగు ప్యానెల్ కింది అంచున రంగు పొంగి, పొడిస్తే గట్టిగా ఉంటే పైపైనే. గీకి, ప్రైమరు, రంగు వేసుకోవచ్చు. మొన లోపలికి దిగిపోతే అది రంధ్రమే. అది అడుగు మూల బ్రాకెట్ చుట్టూ అయితే బేరాలు అనవసరం. కేబులు లాగుడంతా పడేది అక్కడే, రేకు చిరిగితే తలుపు ఒక పక్క జారిపడుతుంది. కనీసం అడుగు ప్యానెల్ మారాలి, తలుపు పాతదైతే మొత్తం మారాలి.

రెండు రేకుల మధ్య ఫోము నింపిన తలుపును వేళ్లతో తట్టుకుంటూ వెళ్లండి. అతుకు బాగున్న చోట మందంగా, విడిన చోట డొల్లగా మోగుతుంది. ఎండవేళ ఉబ్బి, చల్లబడ్డాక దిగితే ఫోము రేకును వదిలేసినట్టే. ఈ తలుపుల బలమంతా ఆ అతుకులోనే ఉంటుంది. దాన్ని మళ్లీ అతికించే దారి లేదు.

చెక్క తలుపులో కింది అడ్డపట్టీ, దాని కొసల కీళ్లు చూడాలి. మొన మెత్తగా దిగితే చీకినట్టు. ఒక్క పట్టీ వడ్రంగి మార్చగలడు. రెండు మూడు ప్యానెళ్లలో కీళ్లు వదులైతే తలుపు చతురస్రం తప్పి, ఎంత సరిచేసినా ట్రాకులో ఏటవాలుగానే నడుస్తుంది. నానిన చెక్క బరువు కూడా పెరుగుతుంది, దాని పెనాల్టీ కట్టేది స్ప్రింగు.

ఒక ప్యానెల్ మార్చడం వినడానికి సులువు. తయారీదారు, మోడల్ పేరు తెలియాలి. అవి సాధారణంగా తలుపు లోపలివైపు అంటించిన చీటీ మీద ఉంటాయి. అదే గాడి ఆకారం, అదే మందం ఉన్నది ఇంకా తయారవుతుండాలి. వేరే కంపెనీ ప్యానెల్ ఎత్తు సరిపోయినా గాడి కలవదు, వాన నీళ్లు లోపలికి వస్తాయి. రంగు నంబరు ఒకటే అయినా ఎండకు వెలిసిన పాత వాటి పక్కన కొత్తది అతికించినట్టు కనిపిస్తుంది. ఒక ప్యానెల్‌కు ఈ ప్రయాస తగును. రెండైతే రెండు ధరలూ రాయించుకుని పోల్చాలి. మూడైతే మారుమాట లేకుండా కొత్త తలుపే, ఎందుకంటే కూలి దాదాపు అంతే, మిగిలిన నాలుగో ప్యానెల్, ట్రాకులు మాత్రం పాతవే మిగులుతాయి.

తలుపుకు సంబంధించని తప్పును తలుపుమీద వేయకుండా ఉండాలంటే ద్వారబంధాన్నీ చూడాలి. ట్రాకు బ్రాకెట్ల స్క్రూలు చీకిన చెక్కలో ఊగుతుంటే కొత్త తలుపు కూడా ఊగుతుంది. నేల కుంగి ఒక మూల ఖాళీ వస్తుంటే పెద్ద రబ్బరో, నేలకు అతికించే రబ్బరు గడపో చాలు.

మోటారు సంగతి

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ తలుపు కదలకపోతే, పెట్టె మూత తీస్తే తెల్ల పొడి కనిపిస్తే లోపలి ప్లాస్టిక్ గేరు అరిగింది. గేరు చవకే. కాని తూకం తప్పిన తలుపే దాన్ని అరగదీసింది, కాబట్టి ముందు తలుపు. మూలుగుతూ అస్సలు తిరగకపోతే చాలాసార్లు పోయింది కెపాసిటరు, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే భాగం.

తలుపు బరువెక్కినప్పుడు మోటారు మీదున్న బలం మరను పెంచేయడం ఒక చెడ్డ అలవాటు. పెంచిన బలంతో తలుపు లేస్తుంది గాని, దిగేటప్పుడు ఏదైనా అడ్డొస్తే వెనక్కి మళ్లడం మానేస్తుంది.

సెన్సర్లు లేని మోటారును, అది ఎంత బాగా నడుస్తున్నా, మార్చేయండి. అమెరికాలో 1993 నుంచి ఇళ్ల కోసం తయారయ్యే మోటార్లకు కాంతి సెన్సరు లాంటి అదనపు రక్షణ తప్పనిసరి చేశారు. అంతకన్నా పాతదాన్ని రిపేరు చేయించడంలో అర్థం లేదు. రిమోట్ లోపల వరసగా చిన్న స్విచ్చులుండి, వాటితోనే కోడ్ పెట్టే రకమైతే అదీ మార్చదగ్గదే. ఆ కోడ్ ఎప్పుడూ మారదు, ఎవరైనా దాన్ని పట్టుకుని మళ్లీ పంపి తలుపు తెరవడం తేలిక.

మిగతా రకాలు

ఒకే పలకగా ముందుకు ఊగి లేచే పాత తలుపులకు పక్కల స్ప్రింగులు, మీటలు ఉంటాయి. మీటల బోల్టు రంధ్రాలు కోలగా అరిగినా, పలక మెలితిరిగినా ప్యానెళ్ల తలుపుకు మారడమే నయం. అలా మారితే ఎదురుగా కారు ఆనించి ఆపుకోవచ్చు కూడా.

చుట్టుకునే షట్టరు ఇందుకు విరుద్ధం, దాన్ని విడగొట్టి బాగుచేయడం సులువు. వంగిన పట్టీని పక్కకు లాగి తీసి, అదే ఆకారం పట్టీని జొప్పిస్తారు. పట్టీలు పక్కకు జారి గైడ్ ఛానెల్‌ను కొరుకుతుంటే కొసల లాకులు ఊడాయి, అవి మళ్లీ వేస్తే చాలు. అడుగు పట్టీ, ఛానెళ్లు తుప్పుకు తినేసి, పైన గొట్టం కూడా వంగితే అప్పుడు కొత్తది.

లెక్క వేయడం

రిపేరు ధరను ఒక్క అంకెగా తీసుకోకండి. స్ప్రింగులు ఎంత, కేబుళ్లు ఎంత, ప్యానెల్ ఎంత, కూలి ఎంత అని విడివిడిగా రాయించండి. దానికి రాబోయే మూడేళ్లలో తప్పవని పరీక్షలో తేలినవి కలపండి. కొత్త తలుపు మొత్తం ఖర్చు 100 అనుకుంటే, ఈ కూడిక 50 దాటి, అందులో ఎక్కువ భాగం ప్యానెళ్లదే అయితే మార్చండి. 50 దాటినా అది స్ప్రింగులు, రోలర్లు, మోటారుదైతే తొందరపడొద్దు. కొత్త తలుపు కొన్నా మోటారు విడిగా కొనాల్సిందే, స్ప్రింగులు మళ్లీ అరగాల్సిందే.

తుపాను గాలులు వీచే చోట ఈ లెక్క పనిచేయదు. వెడల్పు తలుపు గాలికి లోపలికి విరిగితే గాలి ఇంట్లోకి దూరి కప్పును కిందినుంచి నెడుతుంది. గాలి తాకిడికి పరీక్షించి ధ్రువీకరించిన తలుపే కావాలని అక్కడి నియమాలుంటే, పాతదానికి బార్లు బిగించినంత మాత్రాన ఆ ధ్రువీకరణ రాదు.

మార్చాలని తేలాక

ద్వారం వెడల్పును పైన, మధ్యన, కింద కొలవండి. ఎత్తును రెండు పక్కలా కొలవండి. ద్వారం పై అంచునుంచి కప్పు దాకా కనీసం 12 అంగుళాలు, మోటారు ఉంటే మరో మూడు ఉంటే మామూలు ట్రాకు పడుతుంది. తక్కువైతే తక్కువ ఎత్తుకు తయారుచేసిన జంట ట్రాకు అడగాలి, అది ముందే చెప్పకపోతే బిగించే రోజు పని ఆగిపోతుంది. లోపలికి తలుపు ఎత్తుకు ఒకటిన్నర అడుగు కలిపినంత లోతు ఖాళీగా ఉండాలి, మోటారుకు ఇంకా కావాలి.

స్టీలు గేజు అంకె తగ్గేకొద్దీ రేకు మందం. 24 గేజు రేకు 27 కన్నా సొట్టకు బాగా ఓర్చుకుంటుంది. ఇన్సులేషన్‌లో అదే మందానికి పాలీయురేథేన్ ఫోము థర్మోకోల్ పలకకన్నా వేడిని బాగా ఆపుతుంది, రేకుకు అతుక్కుని గట్టిదనమూ ఇస్తుంది. గ్యారేజీ ఇంటి గోడను ఆనుకుని ఉంటేనే దానికి డబ్బు పెట్టడం. విడిగా ఉన్న షెడ్డుకు వృథా.

పాత ట్రాకులే వాడతామంటే ఒప్పుకోవద్దు. కొత్త ప్యానెల్ మందం, వంపు వ్యాసార్థం పాతదానితో కలుస్తాయన్న భరోసా లేదు. మోటారు ఉంచుకుంటే పై ప్యానెల్‌కు బలపరిచే బ్రాకెట్, బారు బిల్లులో ఉండేలా చూసుకోండి. మోటారు బలం, దూరం కొత్త బరువుకు మళ్లీ సెట్ చేయించాలి.

డబ్బు ఇచ్చేముందు ఎర్ర తాడు లాగి నడుమెత్తులో తూకం మీరే చూడండి. తర్వాత స్ప్రింగు మీద పొడుగునా గీసి ఉన్న రంగు గీతను చూడండి. బిగించాక అది మెలికలుగా చుట్టుకుంటుంది. మెలికలు లెక్కపెడితే ఎన్ని చుట్లు బిగించారో తెలుస్తుంది, రెండు స్ప్రింగులకూ ఒకటే రావాలి. ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త స్ప్రింగు కొన్ని వారాల్లో కొద్దిగా సర్దుకుంటుంది కాబట్టి నెల తర్వాత అదే తూకం పరీక్ష మళ్లీ చేసి, తలుపు జారుతుంటే బిగించినవాళ్లను పిలిపించి ఉచితంగానే పావు చుట్టు వేయించుకునేలా ముందే మాట్లాడుకోండి.